ఇంటర్వెల్ ముచ్చట్లు: రాయుడు ఫెయిలైనట్లా, కానట్లా?

ఈ కాలంలో కూడా కాగితం మీద రాసి, కవరులో పెట్టి, స్టాంపు అంటించి పంపే పాఠకులు ఉన్నారండోయ్! ఫోన్‌లో వచ్చే ప్రశ్నలకు జవాబివ్వకపోయినా పెద్ద దోషం లేదు గానీ, ఇలాంటి ఉత్తరానికి బదులివ్వకపోతే పాపం చుట్టుకుంటుందని నా నమ్మకం.

ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నలు మీకు తెలిసినవే. ఫలానా హీరో కొత్త సినిమాకి పారితోషికం ఎంత? ఫలానా హీరోయిన్‌కి పెళ్లెప్పుడు? ఫలానా సినిమాలో పొట్టి జుట్టుతో కనిపించిన కుర్రాడు ఎవరు? ఆళ్లగడ్డ నుంచి వచ్చిన కవరులో మాత్రం సినిమా ఊసే లేదు. నోటుబుక్కులోంచి చింపిన కాగితం. రెండే రెండు వాక్యాలు.

"సార్, అంబటి రాయుడు ఫెయిలైనట్లా, కానట్లా? ఒక్క మాటలో చెప్పండి, మా ఊర్లో పందెం."

దాని కింద ఇంకా చిన్న అక్షరాల్లో, వేరే ఇంకుతో మరో ముక్క. "పందెం అబద్ధం సార్. నాకే కావాల."

ఆ చివరి ముక్క లేకపోతే ఈ వారం మీరు చదివేది వేరే వ్యాసం అయ్యుండేది. అదృష్టవశాత్తూ నంద్యాలలో వేరే పని పడింది. పాత సినిమాలు మళ్లీ విడుదల చేస్తుంటే కుర్రకారు ఎలా ఎగబడుతున్నారో చూసి రమ్మని సంపాదకుల ఆజ్ఞ. ఆ ముచ్చట ఇంకో వారం. కవరు వెనక చిరునామా ఉంది, ఆళ్లగడ్డ నలభై కిలోమీటర్ల చిల్లర. బస్సెక్కేశాను.

నంద్యాల దాటితే ఎడమ పక్కన నల్లమల కొండలు మీతోపాటే నడుస్తాయి. దారిలో సిరివెళ్ల వస్తుంది. సినిమా పత్రికకు రాసేవాడు సిరివెళ్లలో బస్సు ఆగినప్పుడు ఒక్క క్షణం తలవంచకపోతే తప్పు. మన జయప్రకాశ్ రెడ్డి గారి సొంతూరు అది. లెక్కల మాస్టారుగా పనిచేశారు, నాటకాలు వేశారు. 1988లో 'బ్రహ్మపుత్రుడు'తో తెరమీదికొచ్చారు. జనం "ఎవడ్రా ఈయన!" అని కుర్చీలో ముందుకు జరిగింది మాత్రం 1997లో, 'ప్రేమించుకుందాం రా' వచ్చాక. అప్పటికి వయసు యాభై దాటింది! 2020 సెప్టెంబరు 8న గుంటూరులో కన్నుమూసేదాకా ఆ సీమ యాసను తెలుగునాడంతా అనుకరిస్తూనే ఉంది. ఆయన మీద మొదట్లో ఎవరూ పందెం కాయలేదు. అంచేత ఓడిపోయే ప్రమాదమూ రాలేదు. ఈ మాట బస్సులో ఊరికే తట్టింది. కుర్రాణ్ణి కలిశాక మళ్లీ గుర్తొచ్చింది.

ఆళ్లగడ్డ అంటే పేపర్లు చదివేవాళ్లకు రాజకీయాలు గుర్తొస్తాయి. ఆ ఊరికి ఇంకో పేరుంది, రాతి శిల్పాలు. గుళ్లలోకి విగ్రహాలు చెక్కి పంపే కుటుంబాలు అక్కడ ఎన్నో. మా పాఠకుడి తండ్రి కూడా శిల్పే. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, తెల్లగా పేరుకుపోయిన రాతిపొడి, కోత మిషను రొద, సగం చెక్కిన ఆంజనేయుడు. ఆ రొదలో కుర్రాడు నన్ను చూసి బిత్తరపోయాడు. ఉత్తరం రాస్తే పత్రికలో పడుతుందనుకున్నాడు గానీ, రాసిన మనిషి వచ్చి గుమ్మంలో నిలబడతాడని ఏం తెలుసు పాపం!

పద్దెనిమిదేళ్లుంటాయి. రోజూ బస్సులో నంద్యాల వెళ్లి డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. పేరు రాయను. ఊళ్లో అతనికి ఇప్పుడు ఇంకో పేరుంది. ఆ పేరే అసలు కథ.

మీకు తెలిసే ఉంటుంది, ఈమధ్య ఊళ్లలో ఆడే టెన్నిస్ బాల్ టోర్నమెంట్లకూ వేలంపాట వచ్చింది. టీవీలో చూసినట్టే! ఎనిమిది జట్లు, ఎనిమిది మంది ఓనర్లు. ఒకాయనకు ఎరువుల కొట్టు, ఇంకొకాయనకు రెండు లారీలు, మరొకాయన కాంట్రాక్టరు. ఒక్కో ఓనరు నలభై వేలకు మించి ఖర్చు పెట్టకూడదని షరతు. ఫంక్షన్ హాల్లో మైకు పెట్టి, ఆటగాళ్ల ఫొటోలు తెర మీద వేసి మరీ పాడతారు. కిందటేడు మనవాడు ఒక మ్యాచ్‌లో 23 బంతుల్లో 71 కొట్టాడట. ఆ వీడియో ఊరంతా తిరిగింది. ఈ ఏడు ఇద్దరు ఓనర్లు పంతానికి పోయారు. రెండు వేలతో మొదలైన పాట పదకొండు వేల దగ్గర ఆగింది. టోర్నమెంటులో అదే పెద్ద రేటు. హాల్లో ఈలలు! అమ్మకు కుక్కర్ కొన్నాడు, తమ్ముడికి బూట్లు కొన్నాడు.

తర్వాత ఐదు మ్యాచ్‌లు ఆడాడు. మొత్తం 38 పరుగులు.

"మూడో మ్యాచ్ నుంచే అందరూ అరుస్తాండ్రి సార్, పదకొండువేలూ... పదకొండువేలూ... అని. బాలు కనపడల్యా నాకు. ఆ అరుపే వినపడ్తాండె," అన్నాడు.

ఆఖరి మ్యాచ్ అయ్యాక ఓనరు పదిమంది ముందు ఒక మాట అన్నాడట. ఆ మాట ఇక్కడ రాయను. టోర్నమెంటు ముగిసి మూడు నెలలైనా ఆ పేరు పోలేదు. టీ కొట్టు దగ్గర పదకొండువేలు. బస్సులో పదకొండువేలు. గ్రౌండుకు వెళ్లడం మానేశాడు. సాయంత్రాలు షెడ్డులో కూర్చుని ఫోన్‌లో పాత క్రికెట్ చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ రాయుడి దగ్గర ఆగాడు.

ఇంతకీ రాయుడి దగ్గరే ఎందుకు? ఆ కథ కొత్తతరం పాఠకులకు చివరి రీలు నుంచే తెలుసు. మొదటి రీలు నుంచి చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

1985 సెప్టెంబరు 23న గుంటూరులో పుట్టాడు, హైదరాబాదులో పెరిగాడు. చిన్నతనంలోనే తండ్రి తీసుకెళ్లి మాజీ రంజీ ఆటగాడు విజయ్ పాల్ దగ్గర శిక్షణలో చేర్చారు. పదహారేళ్లకే హైదరాబాద్ తరఫున రంజీ ఆడాడు. 2002లో అండర్-19 జట్టుతో ఇంగ్లండ్ వెళ్లి టాంటన్‌లో 177 నాటౌట్! మూడొందలు దాటిన లక్ష్యం, అవతల వికెట్లు టపటపా రాలిపోతుంటే ఈ కుర్రాడు చివరిదాకా నిలబడి ఒకే ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు. అదే ఏడు నవంబరులో రంజీ మ్యాచ్‌లో మొదటి ఇన్నింగ్స్‌లో 210, రెండో ఇన్నింగ్స్‌లో 159 నాటౌట్. పదిహేడేళ్లకు! ఎవరి మీదనుకున్నారు? మన ఆంధ్ర జట్టు మీదే. పుట్టిన గడ్డ మీద ప్రేమ అలా చూపించాడన్నమాట.

ఇంకేముంది! "మరో టెండూల్కర్" అన్నారు. 2004 అండర్-19 ప్రపంచ కప్‌కు కెప్టెన్ చేశారు. ఆ జట్టులో ఎవరెవరున్నారో చూడండి: శిఖర్ ధావన్, సురేశ్ రైనా, దినేశ్ కార్తీక్, రాబిన్ ఉతప్ప, ఆర్.పి. సింగ్. వీళ్లందరికీ నాయకుడు మన రాయుడు. సెమీఫైనల్లో పాకిస్తాన్ చేతిలో ఓడిపోయారు. ఆ తర్వాత కార్తీక్, రైనా, ఆర్.పి. సింగ్, ఉతప్ప, ధావన్ అందరూ ఒకరి తర్వాత ఒకరు భారత జట్టు టోపీ పెట్టుకున్నారు. కెప్టెన్‌కు ఆ టోపీ దొరికింది 2013 జులై 24న, హరారేలో. తొమ్మిదేళ్ల తర్వాత!

ఆ తొమ్మిదేళ్లలో ఏం జరిగింది? సినిమాలో అయితే ఇక్కడ విలన్ ఎంట్రీ ఉంటుంది. ఇక్కడ అంత సులువుగా విలన్ దొరకడు. హైదరాబాద్ క్రికెట్ పెద్దలతో పొసగక 2005-06లో ఆంధ్ర జట్టుకు మారాడు. ఆ సీజన్‌లోనే అనంతపురంలో పాత జట్టు మీద ఆడుతూ, మాటా మాటా పెరిగి మైదానంలోనే ఘర్షణ. మళ్లీ హైదరాబాద్ చేరాడు. 2007లో ఇండియన్ క్రికెట్ లీగ్ అని ప్రైవేటు లీగ్ పుట్టింది. అందులో హైదరాబాద్ హీరోస్ అనే జట్టు. ఇరవై ఒక్క ఏళ్ల రాయుడు సంతకం పెట్టాడు. బోర్డు ఆ లీగ్‌లో చేరిన వాళ్లందరికీ తలుపులు మూసేసింది. రంజీ లేదు, దేశవాళీ లేదు, భారత జట్టు మాట దేవుడెరుగు. 2009లో బోర్డు క్షమించి 79 మంది ఆటగాళ్లను వెనక్కి తీసుకుంది. వాళ్లలో రాయుడూ ఒకడు. బ్యాట్స్‌మన్‌కు చేతులు కుదురుకునే వయసులో రెండేళ్లు అలా గాలికి పోయాయి.

తొందరపాటు ఆయనదేనా? ఆయనదే. కాదనను. కోపం ఆయన ముక్కు మీద ఉంటుందని ఆయన అభిమానులే ఒప్పుకుంటారు. కానీ ఇరవై ఒక్క ఏళ్ల పిల్లవాడు, "నిన్ను జట్టులోకి ఎప్పుడు తీసుకుంటామో తెలీదు" అనే పెద్దల మధ్య విసిగిపోయి, చేతికి జీతం ఇస్తానన్న చోటికి పోతే ఆ వయసులో మీరూ నేనూ పోమా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

2010లో ముంబయి ఇండియన్స్ పిలిచింది. అక్కణ్ణించి ఐపీఎల్ కథ. దేశవాళీలో బరోడా, తర్వాత విదర్భ, మళ్లీ హైదరాబాద్. సొంత గడ్డ మీద ఇమడలేనివాడు ఊరూరా అద్దె ఇళ్లు మారినట్టు మారాడు. 2015 ప్రపంచ కప్ జట్టులో ఉన్నాడు గానీ ఒక్క మ్యాచ్ ఆడించలేదు.

2018లో అన్నీ కలిసొచ్చాయి. చెన్నై సూపర్ కింగ్స్ వేలంలో 2.20 కోట్లకు కొంది. ఆ సీజన్‌లో 602 పరుగులు, జట్టులో అందరికంటే ఎక్కువ. చెన్నై కప్పు గెలిచింది. యో-యో పరీక్షలో తప్పి ఇంగ్లండ్ పర్యటన పోగొట్టుకున్నా, ఆసియా కప్‌కు తిరిగొచ్చాడు. అక్టోబరులో ముంబయి బ్రాబోర్న్ స్టేడియంలో వెస్టిండీస్ మీద సెంచరీ. నాలుగో నంబరు ఇక రాయుడిదే అన్నారు. 2019 ఫిబ్రవరి 3న వెల్లింగ్టన్‌లో 18 పరుగులకు 4 వికెట్లు పోయిన చోట నిలబడి 90 కొట్టాడు. ప్రపంచ కప్ రెండున్నర నెలల్లో... కాదు, నాలుగు నెలల్లో ఉంది. జట్టు ప్రకటనకే రెండున్నర నెలలు.

ఏప్రిల్ 15న జట్టు ప్రకటించారు. రాయుడు లేడు. ఆ స్థానానికి విజయ్ శంకర్‌ను తీసుకున్నామని, అతను బ్యాటింగు, బౌలింగు, ఫీల్డింగు మూడూ చేయగల 'మూడు డైమెన్షన్ల' ఆటగాడని చీఫ్ సెలెక్టర్ వివరించారు. ఆ చీఫ్ సెలెక్టర్ ఎం.ఎస్.కె. ప్రసాద్ గారిదీ గుంటూరే! మర్నాడు రాయుడు ట్విట్టర్‌లో, ప్రపంచ కప్ చూడ్డానికి త్రీడీ కళ్లద్దాలు ఆర్డరిచ్చానని చురక వేశాడు. ఆ డైలాగుకు దేశమంతా ఈల వేసింది. కానీ ఈలలకు వికెట్లు పడవు, జట్టులో చోటూ దొరకదు. ధావన్‌కు దెబ్బ తగిలితే పంత్‌ను పిలిచారు. విజయ్ శంకర్‌కే దెబ్బ తగిలితే మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. స్టాండ్‌బైలో ఉన్న రాయుణ్ణి పిలవలేదు. జులై 3న, ప్రపంచ కప్ నడుస్తుండగానే, ఆటకు వీడ్కోలన్నాడు. వారం తిరక్కుండా మాంచెస్టర్ సెమీఫైనల్లో మనవాళ్లు 5 పరుగులకు 3 వికెట్లు. నాలుగో నంబరు ఎవరిదన్న ప్రశ్న ఆ పూట ఇంటింటా అడిగారు. రాయుడైతే గెలిపించేవాడా? ఎవరు చెప్పగలరు! ఆగస్టులో కోపం దిగి, మళ్లీ ఆడతానని హైదరాబాద్ సంఘానికి రాశాడు. భారత జట్టు తలుపు మాత్రం మళ్లీ తెరుచుకోలేదు.

మొత్తం లెక్క: 55 వన్డేలు, 1694 పరుగులు, సగటు 47.05, సెంచరీలు మూడు. టెస్టులు సున్నా. ప్రపంచ కప్‌లో ఆడిన మ్యాచ్‌లు సున్నా.

కుర్రాడు ఈ అంకెలన్నీ ఒక్క కాగితం చూడకుండా చెప్పాడు. "47 సగటంటే ఫెయిల్ ఎట్లయితాది సార్? మరి మూడు సెంచరీలే అంటే పాస్ ఎట్లయితాడు?" అని నన్నే నిలదీశాడు. నేనేం చెప్పను? రేట్ల సంగతి మాట్లాడదామని షెడ్డు బయట వేపచెట్టు కింద కూర్చున్నాం.

రేటు అనే దాన్ని సినిమా పత్రికల వాళ్లం మేమే పెంచి పోషించాం, ఒప్పుకోవాలి. 2000లో 'చిత్రం', 2001లో 'నువ్వు నేను', 'మనసంతా నువ్వే'. ఉదయ్ కిరణ్‌కు మొదటి మూడు సినిమాలూ హిట్లే. మా వాళ్లు పతాక శీర్షికలు పెట్టారు. తర్వాత వచ్చిన ప్రతి సినిమానీ ఆ మూడింటి పక్కన నిలబెట్టి ఎత్తు కొలిచారు. 2014 జనవరిలో ఆయన లేడన్న వార్త వచ్చింది. మళ్లీ పతాక శీర్షికలు. ఇంతకంటే రాయబుద్ధి కావడం లేదు.

క్రికెట్‌లో రేటు ఎలా పుడుతుందో చూస్తే నవ్వొస్తుంది. 2008లో మొదటి ఐపీఎల్ వేలం. ఒక్కో జట్టు 50 లక్షల డాలర్లు ఖర్చు పెట్టొచ్చు. హైదరాబాద్ డెక్కన్ చార్జర్స్‌కు మన లక్ష్మణ్ 'ఐకాన్' ఆటగాడు. ఐకాన్ అంటే జట్టులో అందరికంటే ఎక్కువ రేటు పలికినవాడి కన్నా 15 శాతం అదనంగా ఇవ్వాలి. లక్ష్మణ్ ఆ హోదా వదులుకున్నాడు, జట్టుకు కొనడానికి డబ్బు మిగలాలని. ఎంతమంది చేస్తారు చెప్పండి! ఆ మిగిలిన సత్తువతో ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు కొన్నారు. ఆ రోజు ధోనీ తర్వాత అతనిదే పెద్ద రేటు. ఏప్రిల్ 24న హైదరాబాదులో రాజస్థాన్ మీద సైమండ్స్ 117 నాటౌట్. రేటుకు తగ్గ ఆట! అదే మ్యాచ్‌లో ఆఖరి ఓవర్ అతనే వేశాడు, షేన్ వార్న్ సిక్సర్లు కొట్టి మ్యాచ్ లాగేసుకున్నాడు. ఆ కొద్ది మ్యాచ్‌లతో సైమండ్స్ ఆస్ట్రేలియా జట్టు పిలుపు మీద వెళ్లిపోయాడు. చార్జర్స్ 14 మ్యాచ్‌లలో రెండే గెలిచి అట్టడుగున నిలిచారు. మర్నాటి ఏడు, 2009లో, అదే జట్టు కప్పు గెలిచింది! రేటు చూసి జాతకం చెప్పేవాళ్లు ఆ రెండేళ్లూ ఎక్కడ దాక్కున్నారో.

రేటంటే ఆటగాడి సత్తా ఒక్కటే అనుకుంటాం గానీ, సగం లెక్క ఎదురు బల్ల దగ్గర కూర్చున్న రెండోవాడి పంతంలో ఉంటుంది. పాడేవాడు ఒక్కడే ఉంటే ఎంతటివాడైనా కనీస ధరకే పోతాడు. ఇద్దరుంటే ఆకాశం. 2024 నవంబరులో రిషభ్ పంత్ 27 కోట్లు పలికాడు, ఐపీఎల్ చరిత్రలోనే అప్పటికి అతి పెద్ద రేటు. 2025 సీజన్‌లో 269 పరుగులు చేశాడు. అందులో 118 ఆఖరి లీగ్ మ్యాచ్‌లోవే. ఆ మ్యాచ్ వచ్చేదాకా పరుగుకు ఎన్ని లక్షలో లెక్కలు కట్టని టీ కొట్టు లేదు. మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సంగతీ చూశాం. 2024లో వర్ధమాన ఆటగాడి బహుమతి, డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ. సన్‌రైజర్స్ 6 కోట్లకు అట్టే పెట్టుకుంది. 2025లో 182 పరుగులే చేశాడు. మెల్‌బోర్న్‌లో సెంచరీ చూసి కన్నీళ్లు పెట్టుకున్న తండ్రిని చూసి మనమూ కళ్లు తుడుచుకున్నాం కదా, అయిదు నెలలు తిరక్కుండా "ఆరు కోట్లు దండగ" అన్నదీ మనమే!

"రాయుడి రేటు చూడు," అన్నాను కుర్రాడితో. "2.20 కోట్లకు కొన్న ఏడు 602 కొట్టాడు. 2022 వేలంలో అదే చెన్నై 6.75 కోట్లు పెట్టింది. ఆ ఏడు 274. తర్వాతి ఏడు, 2023లో, 158. రేటు మూడింతలైంది, పరుగులు నాలుగో వంతుకొచ్చాయి."

"అయితే ఆ రెండేండ్లు ఫెయిలే కదా సార్."

"ఫైనల్ చూశావా?"

చూడకపోవడమేమిటి! 2023 ఫైనల్ అహ్మదాబాదులో వానకు వాయిదా పడి, మళ్లీ వాన పడి, తెల్లవారుజాము దాకా నడిచింది. చెన్నైకి 15 ఓవర్లలో 171 కావాలి. అదే తన ఆఖరి మ్యాచ్ అని రాయుడు ముందే చెప్పేశాడు. మోహిత్ శర్మ ఓవర్లో వరసగా సిక్సర్, ఫోర్, సిక్సర్. నాలుగో బంతికి ఔట్. మొత్తం 8 బంతులు, 19 పరుగులు. తర్వాత జడేజా ఆఖరి రెండు బంతులకు పది కొట్టి గెలిపించాడు. కప్పు అందుకోవడానికి ధోనీ తను ముందుకు రాకుండా రాయుణ్ణి, జడేజాను పిలిచాడు. రాయుడికది ఆరో ఐపీఎల్ కప్పు, ముంబయితో మూడు, చెన్నైతో మూడు. అన్ని కప్పులున్నది ఇంకొక్క రోహిత్ శర్మకే. "మరో టెండూల్కర్" అని రాసినవాళ్లు ఆ రాత్రి ఏమనుకున్నారో తెలీదు. రాయుడు మాత్రం కళ్లు తుడుచుకున్నాడు. (తర్వాత రాజకీయాల్లో ఆడిన ఇన్నింగ్స్ సంగతి అడక్కండి, 2023 డిసెంబరు 28న పార్టీలో చేరి 2024 జనవరి 6న బయటికొచ్చాడు. ముక్కు మీద కోపం ఎక్కడికి పోతుంది!)

సినిమా పత్రిక కదా, ఒక సినిమా కబురు చెప్పకుండా వదిలితే సంపాదకులు ఊరుకోరు. 2014లో డిస్నీ వాళ్లు 'మిలియన్ డాలర్ ఆర్మ్' అని ఒక సినిమా తీశారు. సంగీతం మన రెహమాన్. కథ నిజంగా జరిగిందే. 2008లో ఒక అమెరికా ఏజెంటు మన దేశంలో బేస్‌బాల్ విసిరే పోటీ పెట్టాడు. బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియని వేల మంది కుర్రాళ్లు వచ్చి విసిరారు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ నెగ్గారు. ఇద్దరూ జావెలిన్ విసిరేవాళ్లు. రింకూకు లక్ష డాలర్ల బహుమతి. ఇద్దర్నీ అమెరికా తీసుకెళ్లి నేర్పించారు, ఏడాది తిరక్కుండా పిట్స్‌బర్గ్ పైరేట్స్ అనే పెద్ద సంస్థ సంతకం చేయించుకుంది. ఆ సంతకంతో సినిమాలో శుభం కార్డు పడుతుంది. జనం చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు.

శుభం తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసా? 2010లో దినేశ్‌ను సంస్థ వదిలేసింది. ఇంటికొచ్చేశాడు. రింకూ కింది స్థాయి లీగుల్లో మెట్టు మెట్టూ ఎక్కుతూ పోయాడు. అంతలో మోచేతికి గాయం. మేజర్ లీగ్‌లో ఒక్క బంతి కూడా వేయలేదు. ఆ చెయ్యి బాగుపడుతుందని ఏళ్ల తరబడి ఎదురుచూసి, చివరికి 2018లో కుస్తీ ప్రదర్శనల సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈలో చేరాడు. ఆ ఎదురుచూసిన ఏళ్ల మీద ఎవరూ సినిమా తీయలేదు. తీస్తే నేను మొదటి ఆటకు పోతాను, నేల టిక్కెట్టుకైనా సరే.

ఈ కథ చెప్తుంటే కుర్రాడి తండ్రి చేతులు దులుపుకుంటూ వచ్చి మా పక్కన గొంతుక్కూర్చున్నాడు. అంతసేపూ వింటున్నట్టే లేడు, అన్నీ విన్నాడు.

"సారూ, రాయి తెచ్చుకునేటప్పుడు వాయించి చూస్తాం. గంట మాదిరి మోగాల. మోగితే బయానా తీసుకుంటాం."

"మోగితే మంచి రాయన్నట్టేనా?"

"గ్యారంటీ లేదు. లోపల జీర ఉంటే సగం పనైనంక బయటపడతాది. కాళ్లు, నడుము అన్నీ అయిపోయి, మొకం చెక్కేకాడ పడతాది ఒక్కోసారి."

"అప్పుడేం చేస్తారు?"

"ఏం జేస్తాం, బయానా ఇచ్చినాయనకు చెప్పుకుంటాం. ఇంగో రాయి తెచ్చుకుంటాం. రాయిని నిలబెట్టి తిడ్తామా?" అని, కొడుకు వైపు చూడకుండానే, "ఈనికి ఆ రెండు చేతులూ ఇయ్యాలప్పుడు కూడా పాలిష్ పని రాల్యా, ఆ సంగతి రాయండి పేపర్లో," అని లేచిపోయాడు.

కుర్రాడు నవ్వాడు. నేనొచ్చాక అదే మొదటిసారి.

సాయంత్రం బస్టాండుకు నన్ను దిగబెట్టడానికి వచ్చాడు. దారిలో ఒక్క మాట జవాబు కోసం రెండుసార్లు అడిగాడు. ఒక్క మాటలో చెప్పడం నాకు చేతకాదని ఒప్పుకున్నాను. వెల్లింగ్టన్‌లో 18కి 4 పోయినప్పుడు నిలబడ్డ మనిషిని ఫెయిల్ అనడానికి నా నోరు రాదని, పదిహేడేళ్లప్పుడు జనం చూసిన రాయుడు మాత్రం తర్వాత పూర్తిగా ఎప్పుడూ కనిపించలేదని, ఆ లోటులో ఆయన కోపానికీ బోర్డు పట్టుదలకూ సెలెక్టర్లకూ తలా ఒక వాటా ఉందని, "మరో టెండూల్కర్" అని తగిలించిన మా పత్రికల వాళ్లకూ ఒక వాటా ఉందని చెప్పాను. మధ్యలో అడ్డొచ్చాడు.

"నా దాంట్లో ఎవరి వాటా ఉంది సార్?"

"నువ్వు ఆఫ్ స్టంప్ బయట పడ్డ బంతినల్లా లేపావని నువ్వే చెప్పావుగా, అది నీ వాటా. మిగతాది పాట పాడిన ఇద్దరిదీ."

కాస్సేపు మాట్లాడలేదు. నంద్యాల బస్సు వచ్చి ఆగింది. రోడ్డుకు అవతల సోడా బండి దగ్గరున్న ముగ్గురు కుర్రాళ్లలో ఒకడు మమ్మల్ని చూసి, "ఏం పదకొండువేలూ! చుట్టమొచ్చినాడా?" అని కేకేశాడు. వీడు అటు తిరిగి, "చుట్టం కాదుల్యా, పేపరాయన! నీ గురించి రాపిస్తాండా, ఆగు!" అని అరిచాడు.

నేను మెట్టెక్కాక కిటికీ దగ్గరికొచ్చాడు.

"అన్నా, వచ్చే ఏడు వేలానికి పేరిచ్చినా. నిన్ననే."

పొద్దున్నుంచీ సార్ అన్నవాడు అన్నా అన్నాడు. "మరి చెప్పవే! కనీస ధర ఎంత రాయించావు?" అన్నాను.

"ఐదొందలు," అన్నాడు. "ఎరువులాయన మళ్లీ పాడతాడేమోనని భయంగా ఉంది."